నా కామెర్లు, వాళ్ళిద్దరి స్నేహం

ఇది ఒక మహాగాథ. ఇందులో ఎడారి ఉంది, ఎడారి చివర సముద్రం ఉంది, ఆ ఒడ్డున ఎప్పటికీ ఆరని గ్యాసు మంట ఉంది. ప్రాణమిత్రులున్నారు. ద్రోహం ఉంది. మరణశయ్య ఉంది, దాని మీద ఒప్పుకోలు ఉంది. మూడు తరాల మతవైరం, దానికి సంధి కూడా ఉన్నాయి. కళ్ళు తుడుచుకోవడానికి పక్కన ఒక తువ్వాలు పెట్టుకోండి.

ఇక తువ్వాలు తీసెయ్యండి. నాకు కామెర్లు వచ్చాయి, ఏడు వారాలకు తగ్గాయి. ఈలోగా నా స్నేహితుడు ప్రకాశానికి ఇంకో స్నేహితుడు దొరికాడు. జరిగింది ఇంతే. ఇంకో నెల దాకా బరువులు ఎత్తొద్దని డాక్టరు అన్నాడు. కలం బరువేమీ కాదు కాబట్టి రాస్తున్నాను. రాస్తే కాస్త కుదుటపడతానన్న ఆశ కూడా ఉంది. నాలాగే పసుపుపచ్చ కళ్ళతో పరాయి దేశంలో పడుకున్నవాళ్ళెవరైనా చదివితే, వాళ్ళకు కాస్త ధైర్యం, కాస్త హెచ్చరిక.

ముందు మనుషుల సంగతి చెప్పాలి. నా పేరు దేవసహాయం, అందరూ సాయం అంటారు. ఖతర్‌లో ఉమ్ సయీద్ అనే చోట ఫ్యాక్టరీలు కట్టే కంపెనీలో టైమ్ కీపర్ని. అంటే ఎవరు ఎన్నింటికి వచ్చారో రాసుకుంటాను. ఇక్కడ ఆయిల్ డబ్బు పొంగి పొర్లుతోందని మా ఊళ్ళో అనుకుంటారు. నా కంటికి కనిపించినంత వరకు పొర్లేది ఇసకే. ప్రకాశం అదే కంపెనీలో స్టోర్ కీపరు. ఒకటో క్లాసు నుంచి ఒకే బెంచీ, ఒకే ఏజెంటు, ఒకే విమానం. ఇక్కడ రేకుల క్యాబిన్‌లో ఇద్దరికీ ఒకే గది.

మూడోవాడు బాలశౌరి. కంపెనీ పికప్ డ్రైవరు. వాడిదీ మా ఊరే. అయినా ఎనిమిది నెలల్లో మేము వాడితో మాట్లాడిన మాటలు పది దాటవు. ఎందుకో చెప్పాలంటే ఊరి సంగతి చెప్పాలి.

మాది బాపట్ల పక్క పల్లె. క్రైస్తవుల పేటలు రెండు. మాది మిషను పేట, బాప్టిస్టులం. రోడ్డుకు అవతల ఆర్.సి.ఎం. పేట, వాళ్ళు కతోలికులు. బయటివాళ్ళకు రెండూ ఒకటే. మాకు మాత్రం ఆ రోడ్డు ఎర్రసముద్రం. వాళ్ళు మరియమ్మ బొమ్మ ముందు కొవ్వొత్తులు పెడతారని మాకు కోపం. మేము పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వకుండా పెద్దయ్యాక కాలవలో ముంచుతామని వాళ్ళకు నవ్వు. పెళ్ళిళ్ళు కలవవు, భోజనాలు కలవవు. మా తాతల నాడు, వాళ్ళు కోవెల అనే వాళ్ళ చర్చి గంట తాడు ఎవరో కోసేశారు. మా తాతే కోశాడని వాళ్ళంటారు, ఎలుకలని మేమంటాం. ఏ ఎలుకా అంత తిన్నగా కొరకదని నాకూ తెలుసు. అసలు సంగతి ఏమిటంటే, వాళ్ళ గంట మా గంటకు రెండింతలు. అసూయ నాకు వంశపారంపర్యం. కామెర్లు మాత్రం నా స్వార్జితం.

అక్టోబరు ఆఖరి వారం

ముందు మెస్సులో ఉల్లిపాయలు వేగే వాసనకు కడుపులో తిప్పడం మొదలైంది. అది మెస్సు తప్పనుకున్నాను. తర్వాత మెట్లు ఎక్కితే కాళ్ళు నావి కానట్టు ఉండేది. ఎండ తప్పనుకున్నాను. మూత్రం టీ డికాషన్ రంగులోకి దిగాక ఇక తప్పు ఎవరి మీదా వెయ్యలేకపోయాను.

"రేయ్ సాయం, ఇట్టా వెలుతుర్లోకి రా," అన్నాడు ప్రకాశం ఆ పొద్దున. గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు. "కళ్ళేందిరా, పసుపు ముద్దల్లా ఉన్నయ్?"

"పెళ్ళికళ వచ్చిందేమో."

"నోర్మూసుకుని చొక్కా తొడుక్కో."

దోహా ఆసుపత్రికి కంపెనీ పికప్పే దిక్కు. అంటే బాలశౌరే దిక్కు. ముందు సీట్లో ముగ్గురం. వాడు స్టీరింగు దగ్గర, ప్రకాశం మధ్యలో, నేను కిటికీ పక్కన, అవసరం అలాంటిది కనక. ఒక చోట నేను చెయ్యి ఊపితే బండి ఆపాడు. నా అవసరం తీరాక, అడగకుండానే తన ఫ్లాస్కులోంచి నీళ్ళు వంచి ఇచ్చాడు.

"తాగు. కడుపులో ఏం లేకుండా వాంతి చేసుకుంటే పేగులు మండుతయ్," అన్నాడు.

ఎనిమిది నెలల్లో అదే వాడు నాతో అన్న పెద్ద వాక్యం. తాగాను. ఎర్రసముద్రం చీలలేదు. ఎవరూ గమనించలేదు కూడా.

ఆసుపత్రి వరండాలో బెంచీల నిండా మేమే, అంటే ప్రపంచమంతా. పఠానులు, బెంగాలీలు, ఈజిప్టువాళ్ళు. మూడు గంటలు కూర్చున్నాం. కంపెనీల్లో నడిచే పుకారు ఒకటుంది: రక్తంలో ఏదైనా దొరికితే నేరుగా విమానం ఎక్కించేస్తారని. ఆ మూడు గంటలూ మనసులో నేను సామాను సర్దుకుంటూనే ఉన్నాను. పక్కన కట్టు కట్టిన చేత్తో ఒక మనిషి నారింజ వలుచుకోవడానికి తంటాలు పడుతున్నాడు. మా తెలుగు విని తలెత్తాడు.

"ఏ ఊరన్నా మీది?"

"బాపట్ల దగ్గర."

"మాది జగిత్యాల దిక్కు. ఏం పరేషాన్ గాకు, కామెర్లు మా తమ్మునికి గూడ అయినయ్, ఇప్పుడు ఎద్దు లెక్క ఉన్నడు." నారింజ ప్రకాశం చేత వలిపించుకుని సగం నాకే పెట్టాడు. "మా ఇంటోళ్ళు నేను దుబాయ్‌ల ఉన్ననని అనుకుంటున్నరు. నేను గూడ గట్లనే అనుకొని వచ్చిన."

నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే నా పేరు పిలిచారు. డాక్టరు నా కనురెప్ప కిందికి లాగి చూసి, వేరే వార్డులో ఉండాలన్నాడు. ఎన్నాళ్ళని అడిగితే చేతులు పైకి చూపించి "అల్లా" అన్నాడు. పరీక్షలో రాస్తే మార్కులు పడని జవాబని నాకు తోచింది గాని, గొడవపడే ఓపిక లేదు.

నవంబరు మొదటి పక్షం

వార్డులో రెండు మంచాలు. నా పక్క మంచం మీద గోవా ముసలాయన, ఓడల్లో వంటవాడు. ఆయన్ని అంకుల్ అనేవాణ్ణి. చూసేవాళ్ళు వచ్చే వేళ నాలుగు నుంచి ఆరు. ఆ రెండు గంటలే మాకు రోజు. మిగతా ఇరవై రెండూ పైకప్పు చూడడం.

అంకుల్ కతోలికుడు. నాలుగు కొట్టేసరికి ఆయన మంచం చుట్టూ తిరనాళ్ళు. గోవావాళ్ళు, మంగుళూరువాళ్ళు, కేరళ నర్సులు, ఎవరో లెబనాన్ దొరసాని. పూలు, కేకులు, చిన్న చిన్న బొమ్మలు. ఆయనకు తెలిసినవాళ్ళు వాళ్ళలో సగం మందే అని నా అనుమానం. లోకమంతా వాళ్ళకు ఒకే సంఘం కాబట్టి పరామర్శ కూడా మూకుమ్మడి.

మా బాప్టిస్టు సహవాసం మేమిద్దరం పోను ఏడుగురు. ఇక్కడ ఆదివారం శుక్రవారం నాడు వస్తుంది. ఆ రోజు ఒక ఇంట్లో తలుపులు వేసుకుని ప్రార్థన చేసుకుంటాం. ఏడుగురూ ఒక్కసారే వచ్చారు, అంటుకుంటుందేమోనని గుమ్మం దగ్గరే నిలబడ్డారు. నాలో దాగి ఉన్న పాపం ఏదైనా ఉంటే బయటపెట్టమని ఒకాయన ఇరవై నిమిషాలు దేవుణ్ణి వేడుకున్నాడు. అంకుల్‌కి తెలుగు రాకపోయినా, ప్రార్థన అయ్యాక నాకు ఒక కేకు ముక్క పంపాడు. నేను తినకూడదు. వాసన చూసి తిరిగిచ్చేశాను.

నాకు తిరనాళ్ళు అక్కర్లేదు, ప్రకాశం చాలు. వాడు రోజూ వచ్చాడు. డ్యూటీ దిగీ దిగగానే పికప్పు ఎక్కి, గంట దారి వచ్చి, గంట కూర్చుని, గంట తిరిగి వెళ్ళేవాడు. ఈ లెక్కలో నేను మొదట పట్టించుకోనిది ఒకటుంది. నాతో గంట అయితే, పికప్పు నడిపేవాడితో రెండు గంటలు.

మొదటి వారం బాలశౌరి బండిలోనే కూర్చునేవాడు. రెండో వారానికి వార్డు గుమ్మం దాకా వచ్చాడు. తర్వాత చూస్తే స్టూలు మీద ఉన్నాడు. ఉన్నది ఒకటే స్టూలు కాబట్టి ప్రకాశం నా మంచం చివర కూర్చున్నాడు. ఇద్దరూ నా మీదుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. టెన్నిసు ఆటలో వలకు కూడా ఇలాగే ఉంటుందేమో.

"శౌరి ఈ రోజు ఏమన్నాడో తెలుసా?" అన్నాడు ప్రకాశం ఒక సాయంత్రం, కళ్ళు మెరుస్తుండగా. "మన బట్టతల ఫోర్‌మన్ టోపీ తీస్తే మొహం ఎక్కడ అయిపోయిందో తెలీదంట!"

వాడు పడీ పడీ నవ్వాడు. నేను గోడ వైపు చూశాను. అది నా జోకు. జూలైలో చెప్పాను, వీడికే చెప్పాను. అప్పుడు వీడు "ఊఁ" అన్నాడు. బాలశౌరి నోట్లోంచి వచ్చేసరికి అదే జోకు అమృతం అయింది.

"అది నేను చెప్పిందే," అన్నాను.

"అవునా?" అన్నాడు ప్రకాశం. "శౌరి బాగా చెప్పాడులే."

ఆ రోజు నుంచి నా రోగానికి ఇంకో లక్షణం చేరింది. డాక్టరు రాసుకోలేదు, నేనూ చెప్పలేదు.

గంజి సంగతి మరీ ఘోరం. నూనె చుక్క తగలని పలచటి గంజి, అందులో మజ్జిగ, వేయించిన జీలకర్ర పొడి. ప్రకాశం తెచ్చిన క్యారియర్ మూత తియ్యగానే, పదిహేను రోజుల తర్వాత మొదటిసారి ఆకలి అనే మాట గుర్తుకొచ్చింది. గిన్నె ఎత్తి జుర్రుకుంటూనే మాట్లాడాను.

"నువ్వు ఇంత బాగా వండుతావని ఎప్పుడూ చెప్పలేదేరా," అన్నాను.

"నేనా? శౌరి చేశాడు. కామెర్లకి వాళ్ళమ్మ ఇట్టాగే చేసేదంట. పొద్దున్నే లేచి మన గదిలో స్టవ్ మీదే కాస్తాడు."

"పొద్దున్నే మన గదికి ఎట్టా వస్తాడు?"

"రావడమెందుకు? అక్కడే పడుకుంటన్నాడుగా. డ్రైవర్ల క్యాంపులో ఏసీ పాడైంది. నీ మంచం ఖాళీయేగా."

గిన్నె అడుగున ఇంకో రెండు గుక్కలు మిగిలి ఉన్నాయి. తాగలేదు. ఆత్మాభిమానం. వాళ్ళు వెళ్ళాక తాగాను.

నవంబరు మూడో వారం

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. దీన్ని హాస్యంగా రాద్దామని రెండు సార్లు ప్రయత్నించాను. కుదరలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

ఒక శుక్రవారం ప్రకాశం రావడం ఆలస్యమైంది. ఎందుకంటే, బాలశౌరికి వాళ్ళ పూజ ఉంది. కతోలికులు కూడుకునే ఇంటికి ముందు వెళ్ళి, అది అయ్యాక ఇటు వచ్చారట.

"నువ్వూ లోపలికెళ్ళావా?" అని అడిగాను.

"బండిలో కూర్చున్నా. పాటలు వినపడ్డయ్. బానే పాడతారురా."

మరుసటి రోజు మధ్యాహ్నం మలయాళీ నర్సును కాగితం అడిగి తీసుకుని, ప్రకాశం వాళ్ళ నాన్నకు ఉత్తరం రాశాను. ఆయన మా సంఘంలో డీకను, అంటే పెద్ద. నేను పెదనాన్నా అని పిలుస్తాను. ఆర్.సి.ఎం. పేట నీడ తన గొడుగు మీద పడినా గొడుగు దులుపుకునే మనిషి. ఆయనకు రాశాను: "మీ అబ్బాయి ఆర్.సి.ఎం. వాళ్ళ కుర్రాడితో ఒకే గదిలో ఉంటున్నాడు. మన ప్రార్థన మాని వాళ్ళ పూజకు పోతున్నాడు. చేతిలో జపమాల కూడా చూశాను. మంచం మీద ఉండి కూడా మీ క్షేమం కోరి రాస్తున్నాను."

జపమాల నా సొంత కల్పన. మిగతాదానికి అది మెరుగు పెడుతుందనిపించింది.

మా కంపెనీ ఉత్తరాలన్నీ దోహా పోస్టాఫీసులో వేసేది బాలశౌరే. కాబట్టి సాయంత్రం వాడికే ఇచ్చాను. వాడి మీద రాసిన ఫిర్యాదును వాడి జేబులోనే పెట్టాను. వాడు కవరు మీద పేరు చూశాడు, నన్ను చూశాడు, చొక్కా జేబు గుండీ పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున వేస్తా," అన్నాడు.

నవంబరు ఆఖరు

ఆ వారమే జబ్బు ముదిరింది. ఒళ్ళంతా దురద. గోళ్ళు కత్తిరించేశారు. జ్వరం. గోడ గడియారం ముల్లు వెనక్కి నడుస్తున్నట్టు కనిపించేది. డాక్టర్లు ఇద్దరు కలిసి వచ్చి నా కాళ్ళ దగ్గర అరబ్బీలో మెల్లగా మాట్లాడుకునేవాళ్ళు. కామెర్లున్న మనిషికి నేనిచ్చే సలహా ఒక్కటే: డాక్టర్లు మెల్లగా మాట్లాడుకునేటప్పుడు కళ్ళు మూసుకోండి. వాళ్ళు మధ్యాహ్నం భోజనం గురించి మాట్లాడుకుంటూ ఉండవచ్చు. నాకు మాత్రం అమ్మ గుర్తొచ్చేది. నేను పోతే నన్ను ఊరికి పంపుతారా, ఇక్కడి ఇసకలోనే పెడతారా అన్న ప్రశ్న రోజంతా పక్కనే పడుకుని ఉండేది.

ఒక సాయంత్రం కళ్ళు తెరిచేసరికి, మామూలు చొక్కా వేసుకున్న కేరళ ఫాదరు గారు వార్డులో ఉన్నారు. పక్కన బాలశౌరి. ప్రకాశం ఎప్పటిలా నా మంచం చివర. ఫాదరు గారి చేతిలో చిన్న సీసా. సీసాలో నూనె.

ఆ నూనె సంగతి మా పేటలో పసిపిల్లకు కూడా తెలుసు. ఆర్.సి.ఎం. పేటలో ఎవరింటికైనా ఫాదరు గారు నూనె సీసాతో వెళ్ళారంటే, వాళ్ళు దాన్ని అవస్థ అభ్యంగనం అంటారు, మేము 'ఇక అయిపోయింది' అంటాం. సీసా రోడ్డు మలుపు తిరగకముందే వడ్రంగి కొలబద్ద వెతుక్కుంటాడు. చిన్నప్పుడు గోడెక్కి కూర్చుని ఎన్నిసార్లు చూశానో. ఒక్కరూ లేచి తిరిగిన గుర్తు లేదు.

ఫాదరు గారు నా మంచం వైపు తిరిగారు. నాకు అర్థమైపోయింది. డాక్టర్లు నాతో చెప్పలేక వీళ్ళతో చెప్పారు. బాప్టిస్టు పాస్టరు దొరక్క ఈయన్ని తెచ్చారు.

"ప్రకాశం," అన్నాను. వాడు వంగాడు. వాచీ విప్పి వాడి చేతిలో పెట్టాను. "నా వాచీ నువ్వు తీసుకో. ట్రాన్సిస్టరు కూడా."

"ఏందిరా?"

"నేను మీ నాన్నకు ఉత్తరం రాశాను. నువ్వు కతోలికుల్లో కలిసిపోయావని రాశాను. జపమాల పట్టుకున్నావని అబద్ధం రాశాను. నువ్వు వీడితో నవ్వుతుంటే చూడలేక రాశాను. వీడు గంజి బాగా కాస్తున్నాడని కూడా. నన్ను క్షమించు."

ఫాదరు గారికి తెలుగు రాదు. ఈ అబ్బాయి ఏమంటున్నాడని ఇంగ్లీషులో అడిగారు.

"ప్రార్థన చెయ్యమంటున్నాడు ఫాదర్," అన్నాడు బాలశౌరి.

ఆయన నా తల మీద చెయ్యి పెట్టి రెండు నిమిషాలు ప్రార్థించి, సీసా జేబులో వేసుకున్నారు. నూనె రాయలేదు.

"మరి నూనె?" అన్నాను.

"నూనె అంకుల్‌కిరా," అన్నాడు బాలశౌరి. "రేపు ఆయనకి ఆపరేషను. ఆయన కోసమే వచ్చారు. మా ఊరోడేనని నిన్నొకసారి చూపిద్దామని నేనే ఇటు పిలిచా."

పక్క మంచం మీద నుదుట నూనె మెరుస్తుండగా అంకుల్ నాకు చెయ్యి ఊపాడు.

చచ్చేవాడిగా అంతా ఒప్పేసుకున్నాను. ఇప్పుడు బతకాల్సి వచ్చింది. ఇంత ఇబ్బంది ఇంకెక్కడా పడలేదు. ప్రకాశం మంచం చివరి నుంచి లేచాడు. వాచీ నా దిండు పక్కన పెట్టాడు. బయటికి వెళ్ళిపోయాడు.

డిసెంబరు మొదటి పక్షం

మర్నాడు క్యారియర్ వచ్చింది, ప్రకాశం రాలేదు. ఆ మర్నాడూ అంతే. నాకు జ్వరం దిగింది, దురద తగ్గింది, కళ్ళు తెల్లబడుతున్నాయని నర్సు అద్దం తెచ్చి చూపించింది. ఆ వార్త చెప్పుకోవలసినవాడే లేడు. అంకుల్ ఆపరేషను అయి తిరిగొచ్చి నా వంతు జెల్లీ కూడా తినసాగాడు.

నాలుగో రోజు బాలశౌరిని అడిగాను.

"ఆ ఉత్తరం చదివావా?"

"అంటించిన ఉత్తరం నేనెందుకు చదువుతా?"

"నీ గురించే."

"కవరు చూసినప్పుడే అనుకున్నా. ఆ డీకను గారికి మా గురించి మంచి కబురు ఎవరు రాస్తారు?"

"మరెందుకు వేశావు? చించెయ్యకపోయావా?"

వాడు క్యారియర్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. "చించితే మావోళ్ళు ఉత్తరాలు చించుతారని ఇంకో వందేళ్ళు చెప్పుకుంటారు. గంట తాడు సంగతి చాల్లే మనకి. నువ్వు వెయ్యమన్నావ్, వేశా."

జోకు ఒకటి తట్టింది గాని, నోటి దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది.

"వాడు ఇక రాడా?"

"ఎవరు, ప్రకాశమా? రోజూ వస్తన్నాడుగా."

"ఎక్కడికి?"

"కింద బండిలో కూర్చుంటన్నాడు. నేను దిగొచ్చాక నువ్వు ఎంత తిన్నావని అడుగుతాడు. మిగిల్చావంటే నన్ను తిడతాడు."

ఆ రోజు కిటికీ దాకా నడిచాను. నెల తర్వాత అదే నా మొదటి నడక. మూడో అంతస్తు నుంచి పికప్పు పైకప్పు మాత్రమే కనిపించింది. ఏ పక్క కూర్చున్నాడో తెలియలేదు. పది నిమిషాలు ఆ తెల్ల రేకునే చూశాను. చూస్తూ కూడా నాకు తోచింది ఇదే: బాలశౌరికి రోజూ రెండు గంటల ప్రకాశం, నాకు బండి పైకప్పు. అసూయ మాత్రం ఒక్క మెట్టు దిగలేదు. కాళ్ళే నొప్పి పెట్టాయి.

డిసెంబరు నడిమికి డీకను గారి జవాబు వచ్చింది. నాకే రాశారు. కవరు బాలశౌరి తెచ్చాడు. అందులో ఉన్నది ఇది:

"నాయనా సహాయం, నీ ఆరోగ్యం గురించి సంఘంలో ప్రార్థిస్తున్నాం. నీ ఉత్తరం అందిన వారమే ఇక్కడ పెద్ద వాన. మన పేటలో నడుములోతు నీళ్ళు. వాళ్ళ కోవెల మెరక మీద ఉంది గదా, గంట కొట్టి మరీ పిలిచారు. నాలుగు రోజులు అందరం అందులోనే ఉన్నాం, వాళ్ళ గంజే తాగాం. నా చాప మరియమ్మ గారి బొమ్మ కిందే వేశారు. ఆవిడ నన్నేమీ అనలేదు, నేనూ ఆవిడనేమీ అనలేదు. ఆ బాలశౌరి వాళ్ళ నాన్నే మీ అమ్మను వీపు మీద మోసుకొచ్చాడు. నీ ఉత్తరం ఆయనకే చదివి వినిపిద్దామనుకుని మానేశాను. నువ్వు కూడా ఇలాంటివి రాయడం మానెయ్యి."

రెండు సార్లు చదివి బాలశౌరికి ఇచ్చాను. చదివి మడిచి వెనక్కిచ్చాడు.

"మా నాన్నకి నడుం నొప్పి ఉంది," అన్నాడు. "మీ అమ్మ బాగా బరువా?"

"బరువే."

"సరే. ఉత్తరం రాస్తా, అమృతాంజనం పూసుకోమని."

వాడి చేతే ఆ ఉత్తరాన్ని కింద బండిలోకి పంపాను. మర్నాడు బాలశౌరిని నిలదీస్తే చెప్పాడు: "చదివాడు. 'మా నాన్న ఏం రాస్తే ఏంటి, రాసింది సాయం గదా' అన్నాడు."

న్యాయమైన మాట. దానికి మందు ఆసుపత్రిలో లేదు.

డిసెంబరు, క్రిస్మసుకు నాలుగు రోజుల ముందు

డిశ్చార్జి. తొమ్మిది కిలోలు తగ్గాను. నర్సు సిస్టరు ఒక బిస్కట్ ప్యాకెట్ ఇచ్చింది. అంకుల్ ఒక చిన్న శిలువ ఇస్తే, దాని మీద ప్రభువు బొమ్మ ఉందని (మా శిలువల మీద బొమ్మ ఉండదు) ఒక్క క్షణం తటపటాయించి జేబులో వేసుకున్నాను. ఆ రోజు ప్రకాశం బండిలో లేడు. స్టోరులో ఇన్‌స్పెక్షన్ ఉందన్నాడట. తిరుగు దారి గంటసేపూ వాడికి చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. మంచి మాటలు. రెండు చోట్ల నాకే ఏడుపొచ్చింది.

గదిలోకి వెళ్ళేసరికి వాడు ఇస్త్రీ చేస్తున్నాడు. ఇన్‌స్పెక్షన్ అయిపోయినట్టుంది. తల ఎత్తలేదు. నా మంచం మీద బాలశౌరి దుప్పటి, గోడ మీద గుణదల మేరీమాత పటం. నా బట్టలన్నీ ఉతికి, మడిచి, పెట్టె మీద పెట్టి ఉన్నాయి. ఎవరు ఉతికారో అడగలేదు. ఎవరైనా సరే, నాకు అసూయే.

బాలశౌరి గబగబా దుప్పటి చుట్టడం మొదలుపెట్టాడు. "క్యాంపులో ఏసీ బాగుచేశారులే. నేను పోతా. నువ్వు పడుకో, నిలబడకూడదు నువ్వు."

పటం కోసం చెయ్యి చాచాడు. ప్రకాశం ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్ళీ ఇస్త్రీ చేస్తున్నాడు. వాడి వీపు నాకు బాగా తెలుసు. ఒకటో క్లాసు నుంచి చూస్తున్న వీపు. అది వద్దంటోంది. శౌరి వెళ్ళొద్దంటోంది. నాతో మాత్రం అది చెప్పదు.

దారిలో కూర్చుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో. పటం ఇంకా వాడి చేతిలోనే ఉంది.

"శౌరీ, అది అక్కడే పెట్టు," అన్నాను. "రేపు పొద్దున గంజి ఎవరు కాస్తారు?"

వాడు ప్రకాశం వైపు చూశాడు. నేను గోడకు చెబుతున్నట్టు అడిగాను: "స్టోర్లో మంచాలేమైనా ఉన్నయ్యా?"

ఇస్త్రీ పెట్టె ఆగింది. చాలాసేపు ఆగింది. గుడ్డ మాడుతున్న వాసన కూడా వచ్చింది.

"ఒకటుంది," అన్నాడు ప్రకాశం. మూడు వారాల తర్వాత నాతో అన్న మొదటి మాట. "ఒక కాలు వంకర."

"నా కాళ్ళకన్నా నయమే."

"కాగితం మీద అడగాలి. స్టోరు రూలు."

"రాసిస్తా."

"వద్దు," అన్నాడు, ఇటు తిరిగి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు రాసేవి నేను నమ్మను. శౌరి రాస్తాడు."

ముందు నవ్వింది బాలశౌరి. తర్వాత ప్రకాశం, మాడిన చొక్కా చేత్తో పట్టుకునే. నేను మంచం మీద కూలబడి నవ్వాను. నవ్వితే పక్కటెముకలు ఇంకా నొప్పే. అంత మంచి మాట నాకు తట్టనందుకు, వాడికి తట్టినందుకు కాస్త కుళ్ళుకున్నాను కూడా. సాయంత్రానికి వాళ్ళిద్దరూ కలిసి మంచం మోసుకొచ్చారు. నేను బరువులు ఎత్తకూడదు కాబట్టి ఇటు, అటు అని చెప్పాను.

మా గదిలో మూడు మంచాలు వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. పక్కకు తిరిగి రావాలి.